ఆ కార్డు వయసు రెండేళ్లే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాట అడిగాయి: క్లబ్బులో బాగా ఆడే కుర్రాడు స్నూకర్ ప్రొఫెషనల్ ఎలా అవుతాడు? గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరానికే ఎక్కువ చోటు ఇచ్చాను. మిగతావారు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మా అబ్బాయికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్లుగా ఇంటి దగ్గర స్నూకర్ పార్లర్‌కి వెళ్తున్నాడు. మొన్న 62 బ్రేక్, అంటే ఒకే వంతులో వరసగా 62 పాయింట్లు, కొట్టానని ఇంటికొచ్చి గంతులేశాడు. ఇప్పుడు చదువు మానేస్తాను, హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుంటాను, రెండేళ్లలో ప్రొఫెషనల్ అయి ఇంగ్లండ్ వెళ్తాను అంటున్నాడు. ఇంగ్లండ్ ఆటగాడు రోనీ ఓసల్లివన్ పదహారేళ్లకే ప్రొఫెషనల్ అయ్యాడట. మా వారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పార్లర్ పేరెత్తితేనే ఆయన మండిపడుతున్నారు. ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. అసలు ఈ దారి ఎలా ఉంటుంది? ఖర్చు ఎంత? చదువు మాన్పించవచ్చా?
— పేరు వేయవద్దన్న ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీ వారి కోపం సంగతి. ఆయన భయం ఊరికే పుట్టింది కాదు. గదంతా పొగ, పక్కన పందేలు కాసేవాళ్లు, అర్ధరాత్రి దాటినా దించని షట్టరు. ఇలాంటి పార్లర్లు నేను చాలా చూశాను. మీ అబ్బాయి వెళ్లేది అలాంటి చోటైతే రేపటి నుంచే మాన్పించండి. కాకపోతే మీ వారిని ఒక సాయంత్రం అక్కడికి తీసుకెళ్లి, గోడ పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టండి. కొడుకు ఆట ఆయన ఒక్కసారైనా కళ్లారా చూడాలి. మన ప్రపంచ చాంపియన్ పంకజ్ అద్వానీ కూడా చిన్నప్పుడు బెంగళూరులో అన్నయ్య వెంట పార్లర్‌కి వెళ్లి, చూసి చూసి క్యూ కర్ర పట్టినవాడే. తర్వాత అరవింద్ సావూర్ గారి లాంటి గురువు దొరికారు.

నా సంగతి కూడా చెబుతాను. సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో మార్కర్‌గా చేరేనాటికి నాకు పద్నాలుగేళ్లు. పొద్దున్నే టేబుల్‌కి బ్రష్ కొట్టి ఇస్త్రీ చేయడం, సభ్యులు ఆడుతుంటే స్కోరు చెప్పడం, రంగు బంతులు తీసి మళ్లీ వాటి స్థానాల్లో పెట్టడం నా పని. రాత్రి అందరూ వెళ్లాక మిగిలే గంటే నా ప్రాక్టీసు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి ఆ క్లబ్బు సభ్యుల్లో నన్ను ఓడించేవారు లేరు. క్లబ్బు టోర్నమెంటుకి పేరు ఇవ్వబోతే, మార్కర్లకు ప్రవేశం లేదన్నారు. ఆ రోజు ఇంటికెళ్లి మా అమ్మ ఒడిలో తల పెట్టుకుని ఏడ్చాను. రాష్ట్ర పోటీల్లో ఆడడానికి నాకు ఇంకో ఆరేళ్లు పట్టింది. అందుకే ఆడాలని ఉన్న పిల్లవాడికి టేబుల్ లేకుండా చేయమని నేను ఎవరికీ చెప్పలేను. మీ అబ్బాయిని ఆడనివ్వండి. ఇంగ్లండ్ మాట మాత్రం ఇప్పుడే వద్దు. ఎందుకో చెబుతాను.

62 మంచి బ్రేకే. ఒక ఎరుపు బంతి, దాని తర్వాత ఒక రంగు బంతి, ఇలా మామూలుగా ఎనిమిదేసి దాకా తప్పకుండా వేయాలి. రెండేళ్లలో అక్కడికి వచ్చాడంటే చేతిలో ఆట ఉంది. కానీ రెండు విషయాలు అడగండి. ఒకటి, అది పార్లర్ టేబుల్ మీద కొట్టిందా, పోటీ టేబుల్ మీదా? చాలా పార్లర్లలో పాకెట్ల నోరు వెడల్పుగా ఉంటుంది. అంచుకు తగిలిన బంతి కూడా లోపలికి దొర్లిపోతుంది. పోటీ టేబుల్ మీద అదే బంతి పాకెట్ మూలకు తగిలి బయటికొచ్చి ఎదుటివాడికి వరమవుతుంది. రెండోది, ఆ 62 మ్యాచ్‌లో కొట్టిందా, స్నేహితుడితో సరదాగా ఆడుతున్నప్పుడా? ఈ ఫ్రేమ్, అంటే మ్యాచ్‌లో ఈ ఒక్క ఆట, పోతే టోర్నమెంటు నుంచి ఇంటికే అన్న టెన్షన్‌లో కొట్టిన 40ని నేను ఎక్కువ లెక్కేస్తాను.

ఓసల్లివన్ పేరు వచ్చింది కాబట్టి అదీ చెప్పాలి. ఆయన 1992లో పదహారేళ్లకు ప్రొఫెషనల్ అయిన మాట నిజం. అయితే పదేళ్లకే మొదటి సెంచరీ కొట్టాడు. పదిహేనేళ్లకు పోటీలో 147 కొట్టాడు, అంటే ఒక ఫ్రేమ్‌లో మామూలుగా కొట్టగలిగిన అత్యధిక బ్రేక్. ప్రొఫెషనల్ అయిన మొదటి ఏడాది క్వాలిఫయింగ్‌లో 76 మ్యాచ్‌లు ఆడి 74 గెలిచాడు. పదిహేడేళ్లకు అప్పటి ప్రపంచ చాంపియన్ స్టీఫెన్ హెండ్రీ మీద యూకే చాంపియన్‌షిప్ నెగ్గాడు. ఆయన పదహారు చేరేనాటికే అమెచ్యూర్‌గా చేయాల్సింది చాలావరకు చేసేశాడు. మీ అబ్బాయి ఇప్పుడు మొదలుపెట్టబోతున్నాడు. ఈ మాట చెప్పేటప్పుడు కించపరిచినట్టు ఉండకూడదు. ఈ లెక్కలు అతని ముందు పెట్టండి చాలు, వాడే అర్థం చేసుకుంటాడు.

ఇక దారి. జిల్లా, క్లబ్బు పోటీల తర్వాత రాష్ట్ర అసోసియేషన్ నిర్వహించే చాంపియన్‌షిప్ ఉంటుంది. అందులో పైకి వచ్చినవాళ్లు రాష్ట్రం తరఫున జాతీయ పోటీలకు వెళ్తారు. జాతీయ పోటీలు జరిపేది బిలియర్డ్స్ అండ్ స్నూకర్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. ఇరవై ఒకటి లోపువాళ్లకు జూనియర్ విభాగం ఉంది, మీ అబ్బాయికి అందులో ఆడే సమయం ఇంకా చాలానే మిగిలింది. జాతీయ స్థాయిలో రాణిస్తే ఆసియా, ప్రపంచ అమెచ్యూర్ పోటీలకు భారత్ తరఫున పంపుతారు. 1984లో డబ్లిన్‌లో ఓం అగర్వాల్ మన దేశానికి మొదటిసారి ప్రపంచ అమెచ్యూర్ స్నూకర్ టైటిల్ తెచ్చింది ఈ మెట్లు ఎక్కే. 2003లో చైనాలోని జియాంగ్‌మెన్‌లో పద్దెనిమిదేళ్ల అద్వానీ అదే టైటిల్ గెలిచాడు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పద్దెనిమిదేళ్లకు ప్రపంచ అమెచ్యూర్ చాంపియన్ అయిన అద్వానీ ప్రొఫెషనల్ టూర్‌లోకి అడుగుపెట్టింది 2012లో. మధ్యలో తొమ్మిదేళ్లు. ఆ తొమ్మిదేళ్లలో, మూడు బంతులతో ఆడే బిలియర్డ్స్‌లో ప్రపంచ టైటిళ్లు కూడగట్టాడు. అంత ఆట చేతిలో ఉన్నవాడు కూడా 2014లో టూర్ కార్డు, అంటే ప్రొఫెషనల్ టోర్నమెంట్లలో ఆడే హక్కు, వదిలేసి ఇంటికి వచ్చేశాడు. దేశానికి, కుటుంబానికి దూరంగా, తనకు ప్రాణమైన బిలియర్డ్స్‌ని పక్కన పెట్టి బతకడం ఇష్టం లేకపోయింది. దాన్ని నేను ఓటమి అనను. మీ అబ్బాయికి ఈ కథ మాత్రం తప్పకుండా చెప్పండి.

ప్రొఫెషనల్ అవడమంటే ఆ టూర్ కార్డు సంపాదించడమే. దానికి రెండు మూడు తలుపులు ఉన్నాయి. ఆసియా చాంపియన్‌కి, వరల్డ్ స్నూకర్ ఫెడరేషన్ పోటీ విజేతకి కార్డు ఇచ్చే పద్ధతి ఉంది. ఏ పోటీతో కార్డు వస్తుందన్నది సీజన్‌ని బట్టి మారుతుంటుంది కాబట్టి ఏటా చూసుకోవాలి. ఇంకో తలుపు క్యూ (Q) స్కూల్ అనే అర్హత పోటీ. 2011లో మొదలైంది. పేరుకి స్కూలే గానీ అక్కడ చదువు చెప్పరు. ప్రవేశ రుసుము కట్టి ఎవరైనా ఆడవచ్చు. ఏడు ఫ్రేమ్‌ల మ్యాచ్‌లు, ముందుగా నాలుగు గెలిచినవాడు ముందుకి, ఓడినవాడు ఆ పోటీ నుంచి బయటికి. చివరిదాకా నిలిచిన కొద్దిమందికే కార్డు. ముంబై కుర్రాడు ఇష్‌ప్రీత్ సింగ్ చద్దా 2023లో ఆ తలుపు గుండానే లోపలికి వెళ్లాడు. మరుసటి ఏడాది ఇంగ్లిష్ ఓపెన్‌లో సెమీ ఫైనల్ దాకా వచ్చాడు. ఆ వార్త చదివిన రోజు మా అకాడమీలో పిల్లలకు నేను మిఠాయిలు పంచాను.

అమ్మా, ఉత్తరంలో మీరు అడగనిది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇప్పుడు చెబుతున్నాను. ఆ కార్డు వయసు రెండేళ్లే. రెండేళ్లు అయ్యేసరికి గెలుపు డబ్బు లెక్కన తీసే ర్యాంకింగ్‌లో మొదటి 64 మందిలో ఉండాలి. లేకపోతే, ఒక్క ఏడాది ఆటతో పైకి వచ్చిన కొద్దిమందిని తప్పిస్తే, మిగతావాళ్ల కార్డు పోతుంది. మళ్లీ మొదటికి. అక్కడ నెల జీతం అంటూ ఉండదు. చాలా టోర్నమెంట్లలో మొదటి మ్యాచ్ ఓడితే చేతికి పైసా రాని రోజులు ఎన్నో. ఆ బాధ గమనించే 2022–23 సీజన్‌లో, ఏడాది మొత్తం గెలుపు డబ్బు 20 వేల పౌండ్లకు తగ్గితే ఆ లోటు పూడ్చే పథకం తెచ్చారు. మన డబ్బులో ఇరవై లక్షల పైమాటే. వినడానికి పెద్ద మొత్తం. కానీ ఇంగ్లండ్‌లో ఇంటి అద్దె, ప్రాక్టీసు టేబుల్, ఊరూరా తిరగడానికి రైళ్లు, చైనా టోర్నమెంట్లకు విమానాలు, హోటళ్లు అన్నీ అందులోంచే పోతే నెలాఖరుకు మిగిలేది తక్కువ.

డబ్బు ఒక ఎత్తు, ఒంటరితనం ఇంకో ఎత్తు. నా దగ్గర నేర్చుకున్న ఒక కుర్రాడు మూడు నెలల ప్రాక్టీసు కోసం ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ వెళ్లాడు. ఆట పెరిగింది. కానీ సాయంత్రం నాలుగింటికే చీకటి పడే చలికాలంలో, మ్యాచ్ ఓడి గదికి వచ్చి, మాట్లాడే మనిషి లేక రాత్రి ఫోన్ చేసేవాడు. 'సార్, పప్పుచారు తిని రెండు నెలలైంది' అనేవాడు. పప్పుచారు కోసం కాదు ఆ ఫోన్, నాకు తెలుసు. ఓటమిని ఒంటరిగా దిగమింగుకోవడం ముందు ఇక్కడే, జూనియర్ నేషనల్స్‌లో, రైల్లో రెండో తరగతి బెర్తు మీద నేర్చుకోవాలి. నేను తొందర వద్దనడం అందుకే.

2016 జూలైలో మన హైదరాబాద్ హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లో ఇండియన్ ఓపెన్ జరిగింది. అది ర్యాంకింగ్ టోర్నమెంటు. రోజూ వెళ్లి కూర్చున్నాను. ఫైనల్లో స్కాట్లండ్ ఆటగాడు ఆంథొనీ మెక్‌గిల్ 5–2తో కైరన్ విల్సన్‌ని ఓడించాడు. ఆ విల్సనే 2024లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. నా పక్కన కూర్చున్న కుర్రాళ్లు పెద్ద బ్రేకులకు చప్పట్లు కొట్టారు. నేను నోట్‌బుక్‌లో రాసుకున్నది వేరే. బంతి వేసే అవకాశం లేనప్పుడు, ఎదుటివాడికీ అది దొరకకుండా వాళ్లు ఆడే సేఫ్టీ షాట్ తర్వాత వైట్, అంటే క్యూతో కొట్టే తెల్ల బంతి, ఎక్కడ ఆగుతోందని చూశాను. పసుపు, బ్రౌన్, ఆకుపచ్చ ఉండే వైపు కుషన్‌కి అతుక్కున్నట్టు వెళ్లి ఆగేది. మళ్లీ మళ్లీ అక్కడికే. మన జాతీయ స్థాయి ఆటగాళ్లలో బంతులు వేసేవాళ్లకు కొదవ లేదు. ఆ వైట్‌ని అలా పదిసార్లు వరసగా నిలిపేవాళ్లు తక్కువ. అమెచ్యూర్‌కీ ప్రొఫెషనల్‌కీ ఉన్న దూరం నాకు ఆ జానెడు స్థలంలో కనిపించింది.

కాబట్టి మీ అబ్బాయికి ఒక నోట్‌బుక్ కొనివ్వండి. ఆడిన ప్రతి ఫ్రేమ్ తర్వాత మూడు సంగతులు రాయాలి: మొదటి అవకాశం ఎవరికి వచ్చింది, దానితో ఎన్ని పాయింట్లు తెచ్చాడు, బ్రేక్ ఎందుకు ఆగింది. బంతి తప్పిందా, వైట్ తప్పు చోట ఆగిందా? మూడు నెలలు నిజాయితీగా రాసి, ఆ పుస్తకం పట్టుకుని నా దగ్గరికి రమ్మనండి. కోచింగ్ ఎంతవరకు అవసరమో ఆ పుస్తకమే చెబుతుంది.

ఖర్చు లెక్క ఇలా వేసుకోండి. మీ ఊళ్లో గంటకు టేబుల్ చార్జీ ఎంతో కనుక్కుని రోజుకు మూడు గంటలు, నెలకు పాతిక రోజుల లెక్కన వేయండి. చాలా పార్లర్లు మధ్యాహ్నం ఖాళీగా ఉంటాయి, బేరమాడితే నెలవారీ ధర తగ్గిస్తారు. దానికి ఏడాదికి మూడు నాలుగు టోర్నమెంట్ల ప్రయాణం, బస, ఎంట్రీ ఫీజు కలపండి. మంచి క్యూ ఒకసారి కొంటే ఏళ్ల తరబడి వస్తుంది. ఇప్పటికి ఇంతకు మించి ఖర్చు అవసరం లేదు. అప్పు మాత్రం చేయవద్దు.

చదువు మాన్పించవద్దు. మన దేశంలో ఈ ఆటతో బతుకుతున్నవాళ్లలో చాలామందికి అన్నం పెట్టింది ఉద్యోగం. అద్వానీ ఓఎన్‌జీసీ ఉద్యోగి. పెట్రోలియం కంపెనీలు క్రీడాకారులకు ఉద్యోగాలిచ్చి, ప్రాక్టీసుకి, పోటీలకు వెసులుబాటు కల్పిస్తాయి. జాతీయ పోటీల్లో పతకం, చేతిలో డిగ్రీ ఉంటే అలాంటి చోట తలుపు తట్టవచ్చు. ఇంటర్ మధ్యలో ఆపేసినవాడికి ఆ తలుపు మూసుకుపోతుంది. డిగ్రీ కాలేజీకి పొద్దున వెళ్లి మధ్యాహ్నం ప్రాక్టీసు చేసుకునేవాళ్లు నా దగ్గరే ఐదుగురు ఉన్నారు.

ప్రశ్న: సార్, వానాకాలంలో మా క్లబ్ టేబుల్ మీద బంతులు బరువెక్కినట్టు నెమ్మదిగా వెళ్తాయి. పెద్ద టోర్నమెంట్లలో ఇలా ఉండదు కదా?
— డిగ్రీ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: తమ్ముడూ, బంతుల్లో మార్పేమీ లేదు, గుడ్డ తడి పీల్చుకుంటోంది. టేబుల్ మీద పరిచేది ఉన్ని గుడ్డ. సముద్రపు గాలి తగిలితే చెమ్మ పట్టేస్తుంది. పెద్ద టోర్నమెంట్లలో పలకరాయి కింద హీటర్లు పెట్టి గుడ్డని పొడిగా ఉంచుతారు. 2017 సెప్టెంబరులో మీ విశాఖలోనే ఇండియన్ ఓపెన్ జరిగింది, జాన్ హిగిన్స్ 5–1తో మెక్‌గిల్‌ని ఓడించి గెలిచాడు. అక్కడి టేబుల్‌కీ మీ క్లబ్బు టేబుల్‌కీ తేడా చూసినవాళ్లను అడుగు, చెబుతారు.

మీ క్లబ్బులో హీటర్ లేకపోయినా రోజూ బ్రష్ చేసి ఇస్త్రీ చేస్తే కొంత నయం. బ్రౌన్ వైపు నుంచి బ్లాక్ వైపుకే చేయాలి. గుడ్డ నూగు అటే వాలి ఉంటుంది. ఎదురు తీస్తే పాడవుతుంది. నూగుకి ఎదురుగా మెల్లగా మధ్య పాకెట్‌లోకి వేసే బంతి కొంచెం పక్కకు లాగేదీ అందుకే. నెమ్మది టేబుల్ మీద పెరిగిన కుర్రాళ్లు బంతిని గట్టిగా కొట్టడం అలవాటు చేసుకుంటారు. వేగమైన గుడ్డ మీదకు వెళ్లగానే వైట్ అదుపు తప్పుతుంది. రాష్ట్ర పోటీలకు రెండు రోజులు ముందే వెళ్లి ఆ టేబుల్ మీద మెల్లటి షాట్లు మాత్రమే ఆడు.

ప్రశ్న: అమెచ్యూర్ వచ్చి ప్రపంచ ప్రొఫెషనల్ చాంపియన్ అయ్యాడని చదివాను. ఇదెలా కుదురుతుంది?
— కరీంనగర్ పాఠకుడు

జవాబు: చైనా ఆటగాడు జావో షింటాంగ్ గురించి అడుగుతున్నారు. కొత్త కుర్రాడేం కాదు, 2021లోనే యూకే చాంపియన్‌షిప్ గెలిచాడు. తర్వాత మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో ఇరవై నెలల నిషేధం పడింది, కార్డు పోయింది. నిషేధం తీరాక అమెచ్యూర్ల కోసం నడిచే క్యూ టూర్‌లో మొదలుపెట్టాడు. 2025 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో నాలుగు క్వాలిఫయింగ్ రౌండ్లు దాటి, అసలు పోటీ జరిగే షెఫీల్డ్ క్రూసిబుల్ థియేటర్‌కి చేరాడు. సెమీ ఫైనల్లో ఓసల్లివన్‌ని 17–7తో, ఫైనల్లో యాభై ఏళ్ల మార్క్ విలియమ్స్‌ని 18–12తో ఓడించాడు. ఆ టైటిల్ గెలిచిన మొదటి అమెచ్యూర్ అతనే, మొదటి ఆసియా ఆటగాడూ అతనే.

ఆ ఆట చూస్తూ నేను చాలా సంతోషించాను, అయితే మా పిల్లలకు నిషేధం సంగతి కూడా దాచకుండా చెప్పాను. చిన్న పార్లర్లో వంద రూపాయల పందెం దగ్గరే ఆ అలవాటు మొదలవుతుంది. మా అకాడమీలో టీ పందెం కూడా ఒప్పుకోను.

ప్రశ్న: సార్, నాకు పదిహేనేళ్లు. మా పార్లర్లో నేనొక్కదాన్నే అమ్మాయిని. ఆడపిల్లలు ప్రొఫెషనల్ కావచ్చా?
— పదో తరగతి విద్యార్థిని, వరంగల్

జవాబు: కావచ్చు బిడ్డా. ప్రొఫెషనల్ టూర్‌లో ఆడ, మగ తేడా లేదు, ఒకే టేబుల్, ఒకే పోటీ. దానితో పాటు మహిళలకు వేరే ప్రపంచ టూర్ ఉంది. అందులో పైకి వచ్చినవాళ్లకు ప్రొఫెషనల్ కార్డు ఇస్తున్నారు. ఇంగ్లండ్ రియాన్ ఎవాన్స్, హాంకాంగ్ ఎన్‌జీ ఆన్ యీ, థాయ్‌లాండ్ నుచరత్, చైనా బాయ్ యులు అలా కార్డు పొందినవాళ్లే. మన విద్యా పిళ్లై 2017లో సింగపూర్‌లో ప్రపంచ మహిళల ఫైనల్ ఆడి 5–6తో ఒక్క ఫ్రేమ్ తేడాతో ఓడింది. ఆ ఆఖరి ఫ్రేమ్ గురించి తలచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

నువ్వు ఒక్కదానివే కాబట్టి ఇంట్లో అమ్మనో, అన్ననో వెంట తీసుకెళ్లు. మధ్యాహ్నం పూట టేబుల్ అడుగు. రాష్ట్ర అసోసియేషన్‌లో పేరు నమోదు చేసుకో. మహిళల విభాగంలో పోటీ పడేవాళ్లు తక్కువ కాబట్టి జాతీయ పోటీల దాకా వెళ్లే వీలు నీకు త్వరగా దొరుకుతుంది. రోజూ అరగంట ఒకే పని చెయ్యి: ఎరుపు బంతులన్నీ టేబుల్ మధ్యలో ఒక వరసలో పేర్చి, వాటి మధ్యే వైట్‌ని తిప్పుతూ ఎన్ని వెయ్యగలవో చూడు. ఉత్తరంలో నీ పెద్ద బ్రేక్ ఎంతో రాయలేదు. ఈసారి రాయి.